నిద్రలో గుయ్‌మనే కంప్యూటరు: ముందు పరీక్ష, తర్వాతే పార్టు

సంపాదకుల వారికి నమస్కారం.

దీపావళి దాటి ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్లు ఆపడం మొదలయ్యాక అనంతపురం, కర్నూలు, కడప పట్టణాల్లోని కంప్యూటర్ మరమ్మతు షాపులకు ఒక ఫిర్యాదు వరసబెట్టి వస్తుంది. "స్లీప్‌లో పెట్టినాము, అయినా రాత్రంతా గుయ్‌మంటాంది" అంటారు. కొందరు కీచుమంటోందంటారు, కొందరు టక్కుటక్కుమంటోందంటారు. ఆ చప్పుడు చలికి పుట్టింది కాదు. ఎండాకాలంలోనూ ఉండే ఉంటుంది, సీలింగ్ ఫ్యాన్ హోరులో వినపడలేదు, అంతే.

ఇలా వచ్చిన మిషనుకు చాలాచోట్ల ఒకటే వైద్యం జరుగుతోంది. డబ్బా విప్పడం, గోడ కరెంటును కంప్యూటరుకు తగిన తక్కువ వోల్టులకు మార్చే ఎస్‌ఎంపీఎస్ పోయిందని చెప్పి కొత్తది బిగించడం. మూడోరోజు రాత్రి మళ్లీ అదే చప్పుడు. అప్పుడు మదర్‌బోర్డు మీద అనుమానం. బోర్డు కూడా మార్చాక అసలు చప్పుడు యూపీఎస్‌దో స్పీకర్లదో అని తేలిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పేదింటి పిల్లల చదువు కోసం కొన్న మిషనుకు ఇలా అక్కర్లేని పార్టులు వేయించడం అన్యాయం. అందుకే ఈ ఉత్తరం. పార్టు మార్చే ముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు ఉన్నాయి. చాలావాటికి స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు.

మొట్టమొదట చూడాల్సింది ఒకటే: స్లీప్‌లో ఉందనుకుంటున్న ఆ డబ్బాలో ఫ్యాన్ తిరుగుతోందా, లేదా? అందరూ సీపీయూ అని పిలిచే ఆ డబ్బా వెనకవైపు చెయ్యి పెడితే గాలి తగులుతుందో లేదో తెలిసిపోతుంది. ఈ ఒక్కదాంతో సగం చిక్కు వీడిపోతుంది. ఎందుకో చెప్పాలంటే నిద్ర అంటే లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి.

1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన ఏసీపీఐ అనే పద్ధతి ప్రకారం కంప్యూటరు నిద్రకు మెట్లున్నాయి. మనం మామూలుగా స్లీప్ అనేది అందులో ఎస్3 మెట్టు. అప్పుడు ప్రాసెసర్‌కు, హార్డ్‌డిస్కుకు, ఫ్యాన్లకు కరెంటు పూర్తిగా ఆగిపోతుంది. తెరిచి ఉన్న పనంతా ర్యామ్‌లో ఉంటుంది, ఆ ర్యామ్‌ను బతికించడానికి మాత్రం ఎస్‌ఎంపీఎస్‌లోని 5 వోల్టుల స్టాండ్‌బై లైను పనిచేస్తూ ఉంటుంది. ఫ్యాన్లు తిరిగేది 12 వోల్టుల లైను మీద. ఎస్3లో ఆ లైనే చచ్చిపోతుంది కాబట్టి ఫ్యాన్ తిరగడానికి దారే లేదు. తిరుగుతోందంటే మిషను నిజంగా నిద్రపోలేదన్నమాట. ఫ్యాన్ ఆగి ఉండి కూడా చప్పుడు వస్తోందంటే నిద్ర బాగానే పట్టింది, చప్పుడు వేరేచోటు నుంచి వస్తోంది. ఈ రెండూ రెండు వేరు దారులు. కలిపేసుకుంటే తిప్పలు తప్పవు.

ఫ్యాన్ తిరుగుతోందనుకుందాం. ఎక్కువసార్లు తేలేది ఏమిటంటే, మిషను స్లీప్‌లోకే పోలేదు, మానిటరు మాత్రమే ఆరిపోయింది. విండోస్‌లో స్క్రీన్ ఆరడానికి ఒక గడువు, స్లీప్‌కు ఇంకో గడువు ఉంటాయి. స్క్రీన్ 10 నిమిషాలకు, స్లీప్ 'నెవర్' అని ఉంటే తెర నల్లబడుతుంది, మిషను తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది. ముందువైపు పవర్ లైటు చూడండి. నిద్రపోతే చాలా క్యాబినెట్లలో అది నిదానంగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, లేదా రంగు మారుతుంది. నిలకడగా వెలుగుతుంటే అనుమానించాల్సిందే. ఇంకో చిట్కా, కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కండి. నొక్కిన క్షణంలోనే దాని లైటు మారితే మిషను మేలుకునే ఉంది. నిద్రలో ఉన్నదైతే లేవడానికి రెండుమూడు సెకన్లయినా తీసుకుంటుంది, ఆగిన ఫ్యాన్లు ఒక్కసారిగా బుర్రుమంటాయి.

స్లీప్ గడువు సరిగా పెట్టినా ఫ్యాన్ ఆగకపోతే మిషన్నే అడగాలి. సెర్చ్ పెట్టెలో సీఎండీ (cmd) అని కొట్టి, వచ్చిన కమాండ్ ప్రాంప్ట్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోవాలి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని ఇంగ్లిష్ అక్షరాలు ఎడం లేకుండా కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ముందుకు వాలిన స్లాష్, దాన్ని ఆనుకుని 'ఏ' (a) అక్షరం కొట్టి ఎంటర్ నొక్కాలి. ఆ మిషనుకు ఏయే నిద్రలు సాధ్యమో, ఏవి కావో, ఎందుకు కావో వరసగా చూపిస్తుంది.

ఉన్న నిద్రల్లో 'స్టాండ్‌బై ఎస్3' కనిపిస్తే బోర్డు వైపు నుంచి అడ్డు లేదు. ఎస్3 బదులు 'ఎస్1' మాత్రమే ఉంటే ఫ్యాన్ తిరగడం సహజం. ఎస్1లో ప్రాసెసర్ పని ఆపుతుందే గానీ కరెంటు అన్నిటికీ అందుతూనే ఉంటుంది. పాత బోర్డుల బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి పోతే 'ఏసీపీఐ సస్పెండ్ టైప్' అని ఒక వరస ఉంటుంది. దాన్ని ఎస్3కి మార్చి, సేవ్ చేసి బయటికి రావాలి. ఇలా మార్చింది కొన్నాళ్లకు తనంతట తానే పాతదానికి తిరిగిపోతే, తేదీ సమయం కూడా తప్పుతుంటే, బోర్డు మీద బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. 3 వోల్టుల బ్యాటరీ అది. అది చప్పుడు చేయదు కానీ సెట్టింగులను మరచిపోయేలా చేసి చప్పుడును వెనక్కి తెస్తుంది.

కొత్త బోర్డుల్లో కొన్నింటికి 'ఎస్0 లో పవర్ ఐడిల్' (S0 Low Power Idle) అని వస్తుంది. ఫోన్ల పద్ధతి నిద్ర ఇది. తెర ఆరినా లోపల సగం మెలకువ ఉంటుంది, నెట్ పనులు నడుస్తుంటాయి, ఫ్యాన్ అప్పుడప్పుడు తిరగవచ్చు. దీన్ని ఎస్3కి మార్చుకునే వీలు కొన్ని బోర్డుల బయోస్‌లో ఉంటుంది. లేనివాళ్లు హైబర్నేట్ వాడుకోవాలి, దాని సంగతి కిందికి వస్తుంది.

ఇంకొకటి, ఇది షాపులవాళ్లు చేసే తప్పు కనుక దాచకుండా రాస్తున్నాం. మిషను ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేశాక గ్రాఫిక్స్ డ్రైవర్ వేయకుండా ఇచ్చేస్తారు. తెర మీద బొమ్మ వస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కానీ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్‌తో నడిచే మిషను స్లీప్‌కు పోదు. స్టార్ట్ మెనూలో స్లీప్ అన్న మాటే కనపడదు. పైన చెప్పిన కమాండ్ ఇస్తే గ్రాఫిక్స్ వల్ల ఆగిందని అక్కడే రాసి ఉంటుంది. బోర్డు లేదా కార్డు కంపెనీ సైటు నుంచి సరైన డ్రైవర్ దించి వేస్తే సరిపోయేదానికి పార్టులు మార్చిన ఇళ్లున్నాయి.

స్లీప్ సాధ్యమే, గడువూ సరిగానే ఉంది, అయినా పోవడం లేదంటే ఏదో ప్రోగ్రాం పట్టి ఉంచుతోంది. అదే నల్ల కిటికీలో స్లాష్ తర్వాత 'ఏ' బదులు రిక్వెస్ట్స్ (requests) అని కొట్టండి. బ్రౌజర్‌లో పాట ఆగకుండా ఆడుతున్నా, ఇంకో మిషను ఇక్కడి ఫోల్డరులోని ఫైలు తెరిచి ఉంచినా పేరుతో సహా చూపిస్తుంది. డీటీపీ షాపుల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో ఒక మిషనులోని ఫోల్డరును మిగతావాళ్లంతా వాడుతుంటారు కదా, ఆ మిషను నిద్రపోకపోవడానికి కారణం తరచూ అదే.

రాత్రి 10కి నిద్రపోయి, 2 గంటలకు తనంతట తానే లేచి హోరుపెట్టే మిషన్లది వేరే కథ. ఇంట్లోవాళ్లు భయపడతారు కూడా. విండోస్‌లో ఆటోమేటిక్ మెయింటెనెన్స్‌కు మొదటి నుంచి పెట్టి ఉండే సమయమే రాత్రి 2 గంటలు. తెల్లవారి అదే నల్ల కిటికీలో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్ (powercfg /lastwake) అని కొడితే చివరిసారి ఏది లేపిందో వస్తుంది. అలాగే స్లాష్ వేక్‌టైమర్స్ (/waketimers) అని కొడితే ముందు లేపబోయేవి వస్తాయి. ఆపడానికి కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, ఛేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్, అక్కడ స్లీప్ కింద 'అలో వేక్ టైమర్స్' దాకా పోయి డిజేబుల్ చేయాలి.

లేపేది మౌస్ అయితే దానికి మన ప్రాంతంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. మన ఇళ్లలో కంప్యూటరు పెట్టేది చాలాసార్లు గోడకు బిగించిన కడప నల్లబండ మీద. పాలిష్ పెట్టి అద్దంలా మెరిసే బండ మీద ఆప్టికల్ మౌస్ కన్ను నిలకడగా చూడలేదు. ఎవరూ ముట్టకపోయినా బాణం గుర్తు సన్నగా వణుకుతుంది. వీధిలో లారీ పోయి బండ అదిరితే చాలు, మౌస్ కదిలిందనుకుని మిషను లేస్తుంది. మౌస్ ప్యాడ్ వేసినా, ఒక అట్టముక్క పెట్టినా పోతుంది. ఇంకా గట్టిగా ఆపాలంటే డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద 'అలో దిస్ డివైస్ టు వేక్ ది కంప్యూటర్' పక్కన టిక్కు తీసేయాలి. కీబోర్డుకు మాత్రం ఉంచండి, లేపడానికి ఒకటి ఉండాలి. నెట్‌వర్క్ కార్డుకు అదే పేజీలో 'ఓన్లీ అలో ఎ మ్యాజిక్ ప్యాకెట్' అన్నదానికి టిక్కు పెడితే రౌటర్ పంపే ప్రతి చిన్న పలకరింపుకూ లేవకుండా ఉంటుంది.

ఇక ఫ్యాన్ ఆగి ఉండి చప్పుడు వచ్చే దారి. ఇక్కడే మనుషులు ఎక్కువగా మోసపోతారు, చెవి కూడా మోసపోతుంది. చిన్న గదిలో కీచుధ్వని ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం, గోడలకు తగిలి అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టుంటుంది. క్యాలెండరు కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, ఇంకో కొస వస్తువుకు దగ్గరగా పట్టుకుని వినండి. స్పీకర్లు, మానిటరు, యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్సు, చివరికి సీపీయూ డబ్బా. తర్వాత ఒక్కొక్కదాని ప్లగ్గు పీకి వినాలి. ఒకదాన్ని పీకి అర నిమిషం ఆగి, దాన్ని మళ్లీ పెట్టాకే ఇంకొకటి పీకాలి. అన్నీ ఒక్కసారి పీకేస్తే చప్పుడు ఆగుతుంది గానీ ఎవరిదో తెలియదు. మిషను స్లీప్‌లో ఉండగా సీపీయూ, యూపీఎస్ ప్లగ్గులు మాత్రం పీకకూడదు. ర్యామ్‌లో ఉన్న పని పోతుంది. పని సేవ్ చేసుకుని, మిగతావన్నీ అయ్యాకే వాటి జోలికి పోవాలి.

స్పీకర్లతో మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. కంప్యూటరు నిద్రపోయినా స్పీకర్లు నిద్రపోవు. వాటి యాంప్లిఫయరు గోడ ప్లగ్గు మీద సొంతంగా నడుస్తుంటుంది. బోర్డులోని సౌండ్ భాగం ఆరిపోగానే అక్కడి నుంచి స్పీకర్లకు వచ్చే తీగ దిక్కులేనిదవుతుంది, ఎక్కడి ధ్వనినైనా పట్టుకుని వూఫర్‌లోకి పంపుతుంది. సీపీయూ వెనక ఆకుపచ్చ రంధ్రంలోంచి స్పీకర్ పిన్ను తీసి, దాని లోహం చేతికి తగలకుండా పట్టుకోండి. గుయ్‌ ఆగిపోతే స్పీకర్‌లో లోపం లేదు, అది తీగ నుంచీ ఎర్తింగ్ నుంచీ వస్తోంది. పిన్ను తీసినా గుయ్‌మంటుంటే స్పీకర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు బలహీనపడ్డాయి. చేయి లోహానికి తగిలితే ఎంత మంచి స్పీకరైనా బర్రుమంటుంది, దాన్ని రోగమనుకోవద్దు.

ఎర్తింగ్ సంగతి వచ్చింది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి, మన సీమలో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. సీపీయూ డబ్బా వెనక పెయింట్ లేని రేకు మీద వేలి వెనకభాగం తేలిగ్గా ఆనిస్తే జివ్వుమంటోందా? లైన్ టెస్టర్ పెడితే మసకగా వెలుగుతోందా? అయితే ఎర్త్ అందడం లేదు. మామూలుగా ఎస్‌ఎంపీఎస్‌లో లైను నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, చిన్న కెపాసిటర్లు రేకుకు కలిపి ఉంటాయి. అవి పోగుచేసిన గోలను ఎర్త్‌లోకి పంపడానికే ఉన్నాయి. ఎర్త్ లేకపోతే రేకు మీద సగం వోల్టేజీ, అంటే 115 దగ్గర నిలబడుతుంది. కరెంటు స్వల్పమే కానీ స్పీకర్ తీగలో గుయ్‌మనడానికి అది చాలు.

మల్టీమీటరు ఉన్న ఎలక్ట్రీషియను చేత సాకెట్‌లో కొలిపించండి. లైనుకు ఎర్త్‌కు మధ్య, లైనుకు న్యూట్రల్‌కు మధ్య దాదాపు సమానంగా 230 దగ్గర రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య 3 వోల్టులు మించకూడదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేలలో ఎర్త్ గుంత ఎండిపోవడం మామూలే. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంతకు ఆ తర్వాత చెంబెడు నీళ్లు పోసినవాళ్లుండరు. ఎండాకాలంలో వారానికి ఒకటి రెండు బిందెలు పోయాలి. అద్దె ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌కు తగిలించడానికి మార్చే ముక్క పెడతారు, లావు పిన్ను విరిచేసేవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ గుంతకు ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. స్పీకర్లనూ సీపీయూనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి తీసుకుంటే చాలా ఇళ్లలో గుయ్‌ సగానికి తగ్గుతుంది. ఇద్దరికీ రెండు గోడల ఎర్త్ ఇస్తే ఆ తేడాయే చప్పుడవుతుంది.

టక్కుటక్కుమనే చప్పుడు చాలాసార్లు యూపీఎస్‌ది. 600 వీఏ యూపీఎస్ లోపల వోల్టేజీ సరిచేసే రిలేలు ఉంటాయి. లైన్ వోల్టేజీ పడినా పెరిగినా అవి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారుతాయి, మారిన ప్రతిసారీ టక్కుమంటాయి. వ్యవసాయ మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు, ఆగినప్పుడు పల్లెల్లో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. యూపీఎస్ చెడిపోయి కాదు, తన పని తాను చేస్తోంది. అదే టక్కు కొన్ని సెకన్లకొకసారి, బీప్‌తో కలిసి, ఆగకుండా వస్తుంటే రెండు సంగతులు చూడాలి. లోపలి 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు. లేదా ఇంటి ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ రకం అయి ఉండొచ్చు. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకున్నప్పుడే చప్పుడు వస్తే రెండోదే. ఆ ముతక కరెంటును యూపీఎస్ కరెంటుగా లెక్కపెట్టదు, బ్యాటరీకి పోతుంది, మళ్లీ లైనుకు వస్తుంది, మళ్లీ పోతుంది. ఇన్వర్టరు లైను మీద యూపీఎస్ పెట్టాలంటే ఇన్వర్టరు సైన్ వేవ్‌ది అయి ఉండాలి.

చివరిది సీపీయూ డబ్బా లోపలి కీచు. ఫ్యాన్లన్నీ ఆగి, స్పీకర్ పిన్ను తీసి, మానిటరు ప్లగ్గు పీకి, అప్పటికీ ఎస్‌ఎంపీఎస్ జాలీ దగ్గర చీమకూతలా సన్నని కీచు వినపడితే అది స్టాండ్‌బై సర్క్యూట్‌ది. ఇంట్లో పిల్లలు విని పెద్దలు వినలేకపోవడం ఇందులో మామూలు. వయసుతో పాటు సన్నని ధ్వనులు వినే శక్తి తగ్గుతుంది. పిల్లలు అబద్ధం చెప్పడం లేదు, నమ్మండి.

ఈ కీచు నిద్రలోనే ఎందుకు వస్తుంది? బరువు (లోడ్) ఎక్కువున్నప్పుడు స్టాండ్‌బై ట్రాన్స్‌ఫార్మరు చెవికి అందనంత వేగంగా కొట్టుకుంటుంది. నిద్రలో దానిమీద బరువు తక్కువే. కరెంటు వృథా కాకుండా అది కాసేపు పనిచేసి కాసేపు ఆగి, మళ్లీ పనిచేస్తుంది. ఆ ఆగి ఆగి కొట్టుకునే లయ మన చెవికి అందే హద్దులోకి దిగుతుంది. చుట్టలోని తీగ, లోపలి ఫెర్రైట్ ముక్క సన్నగా అదురుతాయి. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో కూడా ఇది ఉండొచ్చు, దానంతట అది ప్రమాదం కాదు. పాతదాంట్లో కొత్తగా మొదలైతే మాత్రం కెపాసిటర్ ఉబ్బి ఉండే అవకాశం ఎక్కువ.

తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. కీచు వినిపిస్తుండగా సీపీయూ వెనక యూఎస్‌బీ రంధ్రానికి ఫోన్ ఛార్జింగ్ పెట్టండి. చాలా బోర్డుల్లో నిద్రలోనూ యూఎస్‌బీకి ఆ స్టాండ్‌బై లైను నుంచే కరెంటు పోతుంది, మౌస్ లైటు వెలుగుతూ ఉండేది అందుకే. ఫోన్ తగిలించగానే కీచు మారినా, ఆగినా, పెరిగినా మూలం ఎస్‌ఎంపీఎస్ స్టాండ్‌బైయే. ఏమీ మారకపోతే ఇంకా తొందరపడొద్దు, పక్కనున్న వస్తువులను మళ్లీ వినండి. యూఎస్‌బీ హార్డ్‌డిస్కు తగిలించి ఉంటే అది కూడా ఆ కరెంటుతోనే తిరుగుతూ ఉండొచ్చు, దాన్ని తీసి చూడాలి.

మల్టీమీటరు పట్టడం తెలిసినవాళ్లు బోర్డుకు వచ్చే 24 పిన్నుల కనెక్టర్ వెనకవైపు నుంచి కొలవొచ్చు. నల్ల మొన నల్ల తీగకు. ఊదా తీగ, అంటే 9వ పిన్ను, నిద్రలోనూ మెలకువలోనూ 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. ఆకుపచ్చ తీగ, 16వ పిన్ను, మిషను నడుస్తుంటే సున్నా దగ్గర, నిద్రపోతే పైకి లేచి 5 దగ్గర ఉంటుంది. పసుపు తీగ మీద నిద్రలో 12 వోల్టులు కనిపించకూడదు. ఆకుపచ్చ తీగ పైకి లేచినా పసుపు మీద 12 అలాగే నిలబడి ఉంటే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది. ఆకుపచ్చ లేవకపోతే బోర్డు దాన్ని ఆపమని చెప్పడమే లేదు, ఎస్‌ఎంపీఎస్ మార్చి లాభం లేదు. ఒక్క నిమిషం పని ఇది. ఏ షాపులోనైనా పార్టు మార్చే ముందు ఇది కొలిచి కస్టమర్‌కు చూపించాలన్నది మా విన్నపం. కొత్త రకాల్లో తీగలన్నీ నల్లగానే ఉంటాయి, అక్కడ రంగు కాదు పిన్ను నంబరే ఆధారం.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఇంట్లో విప్పొద్దు. 230 వోల్టుల ఏసీ లోపలికి పోయి డీసీ అయ్యాక 325 దగ్గర నిలబడుతుంది. ప్లగ్గు పీకిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్‌లో కాసేపు అది అలాగే ఉంటుంది. పని తెలిసినవాళ్లు దాన్ని ఖాళీ చేసి, మీటరు పెట్టి సున్నా చూశాకే చేయి పెడతారు. స్టాండ్‌బై వైపు ఉబ్బిన కెపాసిటర్ మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల 'లో ఈఎస్‌ఆర్' (low ESR) రకం వేయాలి. 85 డిగ్రీలది వేస్తే మన ఎండలకు నిలవదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ కెపాసిటర్ల ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ పనిలో అందరూ వేసుకునే లెక్క. కర్నూలు మే నెలలో కిటికీ లేని గదిలో, గోడకు ఆనించి పెట్టిన డబ్బా లోపల ఆ పార్టులు ఎంత వేడికి కాగుతాయో ఊహించుకోవచ్చు. వెనకవైపు కనీసం జానెడు జాగా వదలాలి.

దుమ్ము గురించి రెండు మాటలు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల ఆఫీసుల్లో మిషన్లు తెల్లటి రాతిపిండితో వస్తాయి. ఆదోని వైపు జిన్నింగ్ మిల్లుల నుంచి పత్తి నూగుతో వస్తాయి. రాతిపిండి ఫ్యాన్ బేరింగ్‌ను అరగదీస్తుంది, నూగు హీట్‌సింక్ రెక్కలను కప్పేస్తుంది. నిద్రలోకి పోయేటప్పుడు ఫ్యాన్ ఆగుతూ గరగరమంటే బేరింగ్ ఎండిపోయింది, ఫ్యాన్ ఒక్కటే మార్చుకోవచ్చు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి అది గిర్రున తిరిగితే ఉన్న బేరింగ్ కూడా పోతుంది.

భయపడక్కర్లేని చప్పుళ్లు కొన్ని ఉన్నాయి. స్లీప్ నొక్కాక కొన్ని సెకన్లు హార్డ్‌డిస్కు గురగురమంటే అది హైబ్రిడ్ స్లీప్, కరెంటు పోతే పని పోకుండా ర్యామ్‌లోది డిస్కులోకి రాసుకుంటోంది. ఆ వెంటనే ఒక్క టక్కు వినిపిస్తే డిస్కు హెడ్ పక్కకు జరిగింది. తర్వాత ఐదు పది నిమిషాలు డబ్బా రేకు చల్లబడుతూ అక్కడొకటి ఇక్కడొకటి టిక్కుమంటుంది. ఇవి మామూలే.

ఏ పరీక్షా చేసుకునే ఓపిక లేనివాళ్లు రాత్రిపూట స్లీప్ బదులు హైబర్నేట్ వాడండి. విండోస్ 10, 11లో అది పైకి కనపడదు. పవర్ ఆప్షన్స్‌లో 'చూజ్ వాట్ ది పవర్ బటన్స్ డు' లోపలికి పోయి, 'ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవెయిలబుల్' నొక్కితే కింద హైబర్నేట్ పక్కన టిక్కు పెట్టే వీలు వస్తుంది. తెరిచిన పనంతా డిస్కులోకి పోతుంది. అందుకు ర్యామ్‌లో సుమారు 40 శాతమంత జాగా పడుతుంది, 8 జీబీ ర్యామ్‌కు 3 జీబీ పైచిలుకు. లైట్లు ఆరాక గోడ స్విచ్చు కూడా ఆపేయొచ్చు, పని పోదు. స్టాండ్‌బై కీచు కూడా అప్పుడే పూర్తిగా ఆగేది. స్లీప్‌లో ఉండగా గోడ స్విచ్చు ఆపే అలవాటున్నవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

బిల్లు కూడా చూడండి. నిద్రపోయిందనుకున్న మిషను మేలుకుని ఊరకే కూర్చుంటే 50 వాట్లు తింటుందనుకుందాం. రోజుకు 14 గంటలకు 0.7 యూనిట్లు, నెలకు 21 యూనిట్లు. నిజంగా నిద్రపోతే 3 వాట్లు వేసుకున్నా నెలకు ఒకటింపావు యూనిటు.

షాపుకు తీసుకుపోవాల్సి వస్తే సీపీయూ డబ్బా ఒక్కటే ఆటోలో వేసుకుని పోవద్దు. చప్పుడు స్పీకర్లదో యూపీఎస్‌దో అయితే అది ఇంట్లోనే ఉండిపోతుంది, షాపులో మిషను నోరెత్తదు. వాటిని కూడా తీసుకుపోండి. ముందురోజు రాత్రి ఫ్యాన్లన్నీ ఆపి, ఫోనును ఎస్‌ఎంపీఎస్ జాలీకి జానెడు దూరంలో పెట్టి అర నిమిషం చప్పుడు రికార్డు చేసుకోండి. ఏ ప్లగ్గు పీకితే ఏమైందో, లాస్ట్‌వేక్‌లో ఏం వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. బజారు గోలలో, పది మిషన్ల మధ్య, ఆ సన్నని కీచు ఎంత అనుభవమున్న మెకానిక్ చెవికైనా అందదు.

ఇట్లు,
కంప్యూటర్ మరమ్మతు పనివారు,
అనంతపురం